ఒక్క సంతకం కింద ఐదేళ్లు

పోయిన నెలలో ఒక శుక్రవారం సాయంత్రం, మా సంస్థలోనే మరో ల్యాబ్‌లో పనిచేసే విద్యార్థిని ఒకామె నా గదికి వచ్చి, పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తరువాత చేసే పరిశోధన ఉద్యోగం) దరఖాస్తుల కోసం తయారుచేసుకున్న సీవీని బల్ల మీద పెట్టింది. ఆమెకు పీహెచ్‌డీలో ఐదో ఏడు నడుస్తోంది. ఫెలోషిప్ గడువు ఇంకో నాలుగు నెలలే ఉంది. ‘పొందిన శిక్షణ’ అన్న శీర్షిక కింద 17 పద్ధతుల పేర్లు వరుసగా ఉన్నాయి: వెస్టర్న్ బ్లాట్, క్యూపీసీఆర్, ఫ్లో సైటోమెట్రీ, కాన్‌ఫోకల్ మైక్రోస్కోపీ, క్రిస్పర్‌తో జన్యువును తొలగించడం, యాంటీబాడీల పరీక్ష, ఎలుక తోక సిరలోకి ఇంజెక్షన్ ఇవ్వడం, ఇలా. “ఇవన్నీ నీ చేతికి వచ్చిన పనులమ్మా. ఈ ఐదేళ్లలో నీ అంతట నువ్వు తీసుకున్న నిర్ణయం ఒక్కటి చెప్పు” అన్నాను. ఆమె కాసేపు కాగితం వైపే చూసి, “అలాంటివేం లేవు మేడమ్. మా సర్ ఏది చెబితే అది చేశాను” అంది.

2016లో నా పీహెచ్‌డీ వైవా అయిన మర్నాడు ఎవరైనా ఇదే ప్రశ్న వేసి ఉంటే నేనూ దాదాపు ఇదే జవాబు చెప్పేదాన్ని. జీవవైద్య పరిశోధనలో మన దగ్గర దొరికే తర్ఫీదు నాసిరకమైనదని నేను అనుకోవడం లేదు. చేతిపనిలో మన పిల్లలు ఎవరికీ తీసిపోరని దేశం దాటి వెళ్లి చూసి వచ్చినదాన్నే. లోటు మరోచోట ఉంది. ఏ ప్రశ్న మీద పనిచేయాలి, ఏ సమావేశానికి వెళ్లాలి, పేపర్‌లో ఎవరి పేరు ముందు రావాలి, ఫెలోషిప్ పొడిగింపు కాగితం ఎప్పుడు కదలాలి, ఆఖరికి సిఫారసు ఉత్తరంలో ఏం ఉండాలి అన్నవన్నీ గైడ్ అనే ఒక్క మనిషి సంతకం కింద ఉంటాయి. ఆ మనిషి మంచివారైతే అదృష్టం, కాకపోతే కర్మ అనుకుని మనం సరిపెట్టుకుంటాం. కెరీర్ డెవలప్‌మెంట్ పేరిట ఏడాదికోసారి సెమినార్ హాల్లో జరిగే తంతు గురించి ఈ టపాలో పెద్దగా రాయను. కొత్తగా పరిశోధనలోకి వచ్చినవారికి ఆ ఒక్క ముడిని కాస్త వదులు చేసే పనులేమిటో, అవి నాకు ఎంత ఆలస్యంగా అర్థమయ్యాయో రాస్తాను.

నేను సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకుని 2010లో హైదరాబాద్‌లో చేరాను. అప్పట్లో నెలకు 16,000 రూపాయలు. రెండేళ్ల తరువాత ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) అయితే 18,000. ఇది ఉద్యోగమా, చదువా అని ఊళ్లో ఎవరైనా అడిగితే, “చదువే, కానీ జీతమిస్తారు” అని మా నాన్న ఎంతో నమ్మకంగా చెప్పేవారు. మొదటి ఆరు నెలలు ఒక సీనియర్ అక్క వెనకాల నిలబడి పని నేర్చుకున్నాను. పిపెట్ మీద బొటనవేలు మొదటి స్టాప్ దగ్గర ఎలా ఆగాలో, జిగురుగా ఉండే గ్లిజరాల్ ద్రావణాన్ని ఎంత నిదానంగా పీల్చాలో, గట్టిపడేలా చేసే టెమెడ్ కలిపాక జెల్‌ను బుడగ లేకుండా ఎంత వేగంగా పోయాలో ఆమె నోటితో చెప్పింది తక్కువ, చేత్తో చూపించింది ఎక్కువ. కంసాలి కొలిమి దగ్గర కూర్చున్న కుర్రాడు పని నేర్చుకునే తీరు అదే, దాన్ని మించిన పద్ధతి చేతిపనికి ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. కానీ ఆ కుర్రాడు కొన్నాళ్లకు బంగారం ధర ఎలా కట్టాలో, తరుగు ఎంత తీయాలో, అరువు ఎవరికి ఇవ్వకూడదో కూడా అక్కడే కూర్చుని వింటాడు. మా ల్యాబ్‌లో ఒక యాంటీబాడీ ఖరీదెంతో నాకు నాలుగో ఏడు వచ్చేదాకా తెలియదు.

డబ్బు విషయం తెలిసింది కూడా కష్టం మీదనే. ఒక ఏడాది నా ఫెలోషిప్ ఏడు నెలలు రాలేదు. మెస్ బిల్లు పెరుగుతోంది, ఇంట్లో అడగడానికి మొహం చెల్లదు, గైడ్‌ను అడిగితే “వస్తుంది, పని చూసుకో” అనేవారు. చివరికి ఒక మధ్యాహ్నం అకౌంట్స్ సెక్షన్‌కు నేనే వెళ్లి కూర్చున్నాను. అక్కడి పెద్దాయన విసుక్కుంటూనే ఫైలు తీసి చూపిస్తే, అంతకుముందు ఏడాది డబ్బు ఎలా ఖర్చయిందో చెప్పే యుటిలైజేషన్ సర్టిఫికెట్ మీద ఒక సంతకం పడక, అది పైకి వెళ్లనే లేదని తేలింది. అది పంపితే తప్ప తరువాతి వాయిదా రాదన్న సంగతి మా ల్యాబ్‌లో ఆరుగురం రీసెర్చ్ స్కాలర్లలో ఒక్కరికీ తెలియదు. ఆ కాగితం చదవడం నేర్చుకున్న ఆ మధ్యాహ్నమే నాకు జరిగిన మొదటి కెరీర్ శిక్షణ అని ఇప్పటికీ అంటూ ఉంటాను. ఆ తరువాత ఫెలోషిప్‌లు పెరుగుతూ వచ్చాయి: 2014 అక్టోబరులో జేఆర్ఎఫ్ 25,000 అయింది, 2019 జనవరి నుంచి 31,000, 2023 జనవరి నుంచి 37,000, ఎస్ఆర్ఎఫ్ ఇప్పుడు 42,000. ఈ పెంపుల కోసం పరిశోధక విద్యార్థులు ప్లకార్డులు పట్టుకుని రోడ్డెక్కాల్సి వచ్చిందన్నది కూడా గుర్తుంచుకోవాలి. కాకపోతే, మొత్తం ఎంత పెరిగినా అది ఏ నెల ఎందుకు ఆగిందో తెలుసుకునే ఓపిక, ధైర్యం విద్యార్థికి లేకపోతే ఆ పెంపు కాగితం మీదే ఉంటుంది.

గైడ్ ఒక్కరి మీదే భారం పడకుండా నిబంధనల్లో ఏర్పాటు లేకపోలేదు. పరిశోధక విద్యార్థి ప్రతి సెమిస్టరులో సలహా సంఘం ముందు తన పని చెప్పుకోవాలని యూజీసీ నియమాలు స్పష్టంగా చెబుతున్నాయి. డాక్టరల్ కమిటీ అని మనం పిలిచేది దాన్నే. గైడ్ కాని ఇద్దరు ముగ్గురు అనుభవజ్ఞులు ఆరు నెలలకోసారి ఒక గంట మన పని వింటే, దారి తప్పిన ప్రయోగం రెండేళ్ల ముందే దొరికిపోతుంది. నా పీహెచ్‌డీలో ఆ సమావేశం నిజంగా జరిగింది రెండుసార్లే. మిగతా ప్రతిసారీ అటెండర్ ఫైలు పట్టుకుని గదిగదికీ తిరిగి సంతకాలు తెచ్చేవాడు; ‘పురోగతి సంతృప్తికరం’ అన్న వాక్యం ముందే టైపు చేసి ఉండేది. నాకూ అది హాయిగానే ఉండేది, ఆ మాట దాచను. ఇరవై స్లైడ్లు తయారుచేసుకుని ముగ్గురి ముందు నిలబడి తిట్లు తినే శ్రమ తప్పిందనుకున్నాను. మూడో ఏట నా ప్రోటీన్ మైటోకాండ్రియాలో ఉందని నేను కట్టిన కథకు సరైన కంట్రోల్ (పోల్చి చూసుకునే ప్రయోగం) లేదన్న సంగతి ఆఖరికి పేపర్ రివ్యూయర్ చెబితే తెలిసింది. అప్పటికి రెండేళ్లు గడిచిపోయాయి. ఇప్పుడు నా విద్యార్థుల కమిటీ సమావేశం తేదీని ఆరు నెలల ముందే క్యాలెండర్‌లో వేయిస్తాను, అందులో ఒక అరగంట నేను బయటికి వెళ్లిపోతాను. నేను లేనప్పుడు వాళ్లు ఏం మాట్లాడుకుంటారో అడగను. మొదటిసారి బయట కారిడార్‌లో నిలబడినప్పుడు మాత్రం చెవులు అటే ఉన్నాయి.

ఇంకొకరి ల్యాబ్‌లో, ఇంకొకరి నీడలో ఉండి పనిచేయడం ఎలాంటిదో తెలుగువాళ్లకు తెలియని విషయం కాదు. ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీలో ఫాస్ఫరస్ కొలిచే ప్రాక్టికల్ అందరం చేశాం: మాలిబ్డేట్ కలిపి, రిడ్యూసింగ్ ఏజెంట్ వేయగానే టెస్ట్‌ట్యూబ్‌లో నీలం రంగు మెల్లగా ముదురుతుంది. దాని పేరు ఫిస్కే-సుబ్బారావు పద్ధతి. 1925లో అచ్చయిన ఆ పద్ధతిలో రెండో పేరు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుది. అదే పద్ధతి సాయంతో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను గుర్తించిన మనిషికి హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం దొరకలేదు. 1940లో ఆయన లెడర్లే అనే మందుల కంపెనీకి వెళ్లిపోయారు. మనం ఆయన పటానికి దండ వేసి, పట్టుదల ఉంటే ఏదైనా సాధించవచ్చని పిల్లలకు చెబుతాం. ఏళ్ల తరబడి ఒక చోట పనిచేసిన శాస్త్రవేత్తకు కాలు నిలిపే చోటు ఎందుకు లేకపోయిందన్న ప్రశ్న కూడా ఆ పటం కిందే రాసిపెడితే బాగుండునని నాకు అనిపిస్తుంది.

2016 చివర్లో పోస్ట్‌డాక్‌కు అమెరికా వెళ్లాను. మొదటి వారంలోనే అక్కడి ఆఫీసు వాళ్లు ‘వ్యక్తిగత అభివృద్ధి ప్రణాళిక’ అనే ఫారం చేతిలో పెట్టారు. ఐదేళ్ల తరువాత ఎక్కడ ఉండాలనుకుంటున్నావు, అక్కడికి చేరడానికి ఈ ఏడాది ఏం నేర్చుకుంటావు, దానికి ఎవరి సాయం కావాలి అని వరుసగా ప్రశ్నలు. మన ఊరి భాషలో చెప్పాలంటే, ఆలూ లేదు చూలూ లేదు అన్నట్టుంది నా పరిస్థితి. ఐదేళ్ల తరువాత సంగతి దేవుడెరుగు, ఐదు నెలల తరువాత వీసా సంగతి తెలియదు. మొదటి ఏడాది ఏదో నింపి ఇచ్చాను. రెండో ఏడాది మా బాస్ ఆ కాగితం తీసి, “ఇందులో నువ్వు గ్రాంట్ రాయడం నేర్చుకుంటానన్నావు. నెలకు ఎన్ని గంటలు దానికి ఇస్తున్నావు?” అని అడిగింది. సున్నా అని చెప్పాల్సి వచ్చింది. ఆ రోజు నుంచి మంగళవారం ఉదయం మూడు గంటలు బెంచ్ దగ్గరికి రాకపోయినా ఎవరూ అడగకూడదని తీర్మానించుకున్నాం. అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ 2013 నుంచి ఈ ప్రణాళికలను ప్రోత్సహిస్తోంది; సంస్థలో అవి వాడుతున్నారా లేదా అని నివేదికలో అడుగుతుందే తప్ప, ఎవరు అందులో ఏం రాసుకున్నారో చూపమనదు. ఆ చిన్న తేడా నాకు చాలా నచ్చింది. పై అధికారి చూస్తాడని తెలిస్తే ఎవరైనా ‘ప్రొఫెసర్ కావాలనుకుంటున్నాను’ అనే రాస్తారు.

ఆ మంగళవారాల్లో నేను నేర్చుకున్నది ఒక్క పేజీ రాయడం. ఎన్ఐహెచ్ గ్రాంట్లలో ‘స్పెసిఫిక్ ఎయిమ్స్’ అని ఒక పేజీ ఉంటుంది. అందులో సమస్య ఏమిటి, ఇప్పటికి తెలిసిందేమిటి, తెలియనిదేమిటి, నేనేం చేస్తాను అన్నది ఒకే పేజీలో ఇమడాలి, ఒక్క వరుస ఎక్కువైనా కుదరదు. నా మొదటి చిత్తుప్రతిని పక్క డిపార్టుమెంటులో గుండె కండరాల మీద పనిచేసే ఒక పెద్దావిడకు ఇచ్చాను. ఆవిడకు నా విషయం ఏమీ తెలియదు. మూడో వాక్యం దగ్గర గీత గీసి, “ఇక్కడ నేను చదవడం ఆపేశాను” అని పక్కన రాసి ఇచ్చేసింది. మూడో వాక్యంలో నాలుగు ప్రోటీన్ల పేర్లు ఉన్నాయి. ఆ పేజీని నేను పదకొండుసార్లు తిరగరాశాను. ఎనిమిదోసారి తెలిసిందేమిటంటే, నా రెండో లక్ష్యం మొదటి లక్ష్యం మీద పూర్తిగా ఆధారపడి ఉంది. మొదటిది తప్పని తేలితే రెండోదానికి పనే ఉండదు. ఇలాంటి సంగతి జెల్‌లో కనిపించదు, రాస్తేనే కనిపిస్తుంది. దీన్ని మా బాస్ కూడా చూసి ఉండేదేమో, కానీ ఒకే ల్యాబ్‌లో అందరం ఒకే కథను నమ్ముతూ ఉన్నప్పుడు కథలోని చిల్లు బయటివాళ్లకే ముందు కనిపిస్తుంది.

అమెరికాలో ఉన్న తెలుగు పోస్ట్‌డాక్‌లకు ఒక మాట. ఎన్ఐహెచ్ ఇచ్చే శిక్షణ ఫెలోషిప్‌లలో చాలావాటికి పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉండాలి. పోస్ట్‌డాక్ నుంచి సొంత ల్యాబ్‌కు మారడానికి ఊతమిచ్చే కె99/ఆర్00 అనే అవార్డుకు మాత్రం నేను అక్కడ ఉన్నప్పుడు ఆ షరతు లేదు, వీసా మీద ఉన్నవారూ పెట్టుకోగలిగేవారు. కాకపోతే పోస్ట్‌డాక్ మొదలైన నాలుగేళ్ల లోపే పెట్టాల్సి ఉండేది. ఈ సంగతి నాకు రెండున్నరేళ్లు గడిచాక ఒక భోజనాల బల్ల దగ్గర తెలిసింది. పెట్టాను, రాలేదు, కమిటీలో చర్చకు కూడా రాలేదు. అయినా ముగ్గురు సమీక్షకులు రాసిన వ్యాఖ్యలు చేతికొచ్చాయి. ముగ్గురూ వేరువేరు మాటల్లో ఒకటే అన్నారు: ఈ ఆలోచనలో మా బాస్‌ది ఎంత, నాది ఎంత అన్నది తెలియడం లేదని. అది చదివి రెండు రోజులు బాధపడ్డాను. మూడో రోజు బాస్ దగ్గరికి వెళ్లి, నేను వెళ్లిపోయేటప్పుడు ఈ ప్రాజెక్టులో ఏ ముక్క నాతో తీసుకువెళ్లవచ్చో ఇప్పుడే చెప్పమని అడిగాను. ఒక పూట పట్టింది, ఒక కాగితం మీద రాసుకున్నాం. పోస్ట్‌డాక్‌లో చేరేటప్పుడే అడగాల్సిన ప్రశ్న అది, వెళ్లిపోయేటప్పుడు అడిగితే గొడవలే మిగులుతాయి.

తిరిగి వచ్చేవారికి మన దగ్గర తలుపులు లేవని అనుకోవడం పొరపాటు. కేంద్ర బయోటెక్నాలజీ శాఖ (డీబీటీ) 2006-07లో మొదలుపెట్టిన రామలింగస్వామి రీ-ఎంట్రీ ఫెలోషిప్ విదేశాల్లో పనిచేస్తున్న మన శాస్త్రవేత్తలు తిరిగి వచ్చి నిలదొక్కుకోవడానికి ఐదేళ్లు ఊతమిస్తుంది. దాని పేరులో ఉన్నది 1921లో శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నంలో వైద్యం చదివి, కాంగ్రా లోయలో అయోడిన్ ఉప్పుతో గాయిటర్‌ అనే గొంతువాపు జబ్బును తగ్గించవచ్చని చూపిన వులిమిరి రామలింగస్వామి అన్న సంగతి ఆ ఫెలోషిప్‌కు దరఖాస్తు పెట్టే తెలుగు పిల్లల్లో చాలామందికి తెలియదు. మరొకటి ఇదే శాఖ, బ్రిటన్ దాతృత్వ సంస్థ వెల్‌కమ్ కలిసి 2008లో మొదలుపెట్టిన డీబీటీ/వెల్‌కమ్ ట్రస్ట్ ఇండియా అలయన్స్. దాని కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. వారి ఎర్లీ కెరీర్ ఫెలోషిప్ ఐదేళ్లపాటు ఉంటుంది, పీహెచ్‌డీ చివరి ఏడాదిలో ఉన్నవారు కూడా పెట్టుకోవచ్చు, అన్నిటికన్నా ముఖ్యంగా వయసు పరిమితి లేదు. ఈ కార్యక్రమం మూడో దశకు 2025 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం 1,500 కోట్ల రూపాయలకు ఆమోదం ఇచ్చింది. అందులో 1,000 కోట్లు బయోటెక్నాలజీ శాఖది, 500 కోట్లు వెల్‌కమ్‌ది.

వయసు పరిమితి లేకపోవడం ఎంత పెద్ద విషయమో పెళ్లి, పురుడు, అత్తగారి అనారోగ్యం అన్నీ చూసిన ఆడవాళ్లను అడిగితే చెబుతారు. నేషనల్ పోస్ట్-డాక్టోరల్ ఫెలోషిప్‌కు 35 ఏళ్లు, ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీ ఫెలోషిప్‌కు 32 ఏళ్లు గీత గీశారు. కొన్నిటిలో ఆడవాళ్లకు సడలింపు ఉంది నిజమే. అయినా ఎమ్మెస్సీ తరువాత రెండేళ్లు ఇంట్లో ఉండి, నెట్ రాసి, ఆరేళ్లు పీహెచ్‌డీ చేసిన అమ్మాయికి 32 అనేది అప్పటికే వచ్చి వెళ్లిపోయిన పుట్టినరోజు. పుట్టిన తేదీ నుంచి కాకుండా పీహెచ్‌డీ తేదీ నుంచి లెక్కపెట్టే పథకాలే న్యాయమైనవని నా గట్టి అభిప్రాయం.

నేను ఇప్పుడు హైదరాబాద్‌లో నలుగురు విద్యార్థులతో ఒక చిన్న ల్యాబ్ నడుపుతున్నాను. ప్రతి శుక్రవారం సాయంత్రం నాలుగు నుంచి ఐదున్నర వరకు ప్రయోగాల మాట ఎత్తకుండా కూర్చుంటాం. తలుపు తీసే ఉంటుంది, వేరే ల్యాబ్‌ల వాళ్లు కూడా వస్తారు. మొదటి ఏడాది పిల్లలతో ఒక ఆట ఆడిస్తాను. నీకు ఏడాదికి 10 లక్షలు వచ్చాయనుకో, ఏం కొంటావో రాయి అంటాను. మొదట అందరూ పెద్ద యంత్రాలు రాస్తారు. సీరమ్ సీసాలు, యాంటీబాడీలు, ప్లాస్టిక్ సామాను, ఎలుకల పంజరాల అద్దె, సీక్వెన్సింగ్ బిల్లులు, మైనస్ 80 ఫ్రీజర్ పాడైతే మరమ్మతు అని ఒక్కొక్కటీ కలుపుతూ పోతే జూలై నెలకే డబ్బు అయిపోతుంది. అప్పుడు ప్రభుత్వ కొనుగోళ్ల కోసం ఉన్న జెమ్ పోర్టల్‌లో కొనుగోలు ఎలా జరుగుతుందో, మూడు కొటేషన్లు ఎందుకు అడుగుతారో, మార్చి 31 లోపు ఖర్చు కాని డబ్బు ఏమవుతుందో ఆ పిల్లలే అకౌంట్స్ సెక్షన్‌కు వెళ్లి కనుక్కుని రావాలి. ఒక కుర్రాడు మరుసటి వారం వచ్చి, “మేడమ్, నేను నిన్న పారబోసిన ప్లేట్ 3,400 రూపాయలు” అని తలపట్టుకుని కూర్చున్నాడు. ఆ కుర్రాడు ఇప్పటికీ ప్లేట్ మీద తేదీ రాయడం మరచిపోలేదు.

పేపర్‌లో పేర్ల సంగతి ఇంకో శుక్రవారం. ఇది అందరికీ ఇబ్బందికరమైన విషయం కాబట్టి అందరూ చివరిదాకా వాయిదా వేస్తారు, చివర్లో మాట్లాడుకుంటే తలుపులు దబాలున మూతపడతాయి. నా మొదటి పేపర్‌లో బొమ్మలు (ఫిగర్లు) నేను నాలుగేళ్లు చేసిన పనివే అయినా, నా పేరు రెండోదై అచ్చయింది. నాకు ఆ సంగతి ప్రూఫులు వచ్చాకే తెలిసింది. పనిలో చెప్పుకోదగ్గ భాగం ఉండాలి, రాతలోనో దిద్దుబాటులోనో పాల్గొనాలి, చివరి ప్రతిని ఆమోదించాలి, మొత్తం పనికి బాధ్యత వహించాలి అని వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ సంఘం నాలుగు షరతులు పెట్టింది. నాలుగూ ఉంటేనే రచయిత. దీన్ని ప్రాజెక్టు మొదలైన నెలలోనే మా నోట్‌బుక్ మొదటి పేజీలో రాసి, ఎవరెవరి పేరు ఏ వరుసలో ఉండొచ్చో పెన్సిల్‌తో వేస్తాం. మారితే చెరిపి రాస్తాం, కానీ అందరి ముందూ చెరుపుతాం.

భాష గురించి చెప్పకపోతే ఈ టపా అసంపూర్ణం. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. మొదటి రెండేళ్లు ల్యాబ్ మీటింగ్‌లో నోరు విప్పలేదు. ప్రశ్న మనసులో తెలుగులో పుట్టి, ఇంగ్లీషులోకి మారి, వ్యాకరణం సరిచూసుకునేలోపు చర్చ మరో స్లైడ్‌కు వెళ్లిపోయేది. నోరు లేని పిల్లకు ఆలోచన లేదని అనుకునేవాళ్లూ ఉన్నారు. మా శుక్రవారాల్లో ఎవరైనా తెలుగులో అడగవచ్చు, హిందీలో అడగవచ్చు, అర్థం కానివాళ్లకు పక్కవాళ్లు చెబుతారు. తన ప్రాజెక్టును ఇంగ్లీషు పదాలు వీలైనంత తగ్గించి ఐదు నిమిషాలు తెలుగులో చెప్పమంటే, మా ల్యాబ్‌లో అనర్గళంగా మాట్లాడే కుర్రాడు రెండో నిమిషంలో ఆగిపోయాడు. సిగ్నలింగ్ అంటే ఏమిటో తనకు నిజంగా తెలియదని అతనికి అప్పుడే తెలిసింది. ఇంగ్లీషు మాట చాటున దాక్కోవడం ఎంత సులువో నాకూ తెలుసు. రాత మాత్రం ఇంగ్లీషులోనే సాధన చేయాలి, దానికి దొడ్డిదారి లేదు; వారానికి ఒక పేజీ, ఎంత చెత్తగా ఉన్నా సరే.

పీహెచ్‌డీ అయినవాళ్లందరికీ ఫ్యాకల్టీ ఉద్యోగాలు ఉండవన్న నిజాన్ని చేరిన రోజునే చెప్పాలి, ఐదో ఏట చెబితే అది మోసం కింద లెక్క. హైదరాబాద్ చుట్టూ జీనోమ్ వ్యాలీలో టీకాల కంపెనీలు, కాంట్రాక్ట్ పరిశోధన సంస్థలు, నగరంలో ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ఫలితాలను గమనించే పని), మెడికల్ రైటింగ్, రెగ్యులేటరీ విభాగాలు ఉన్నాయి. వీటిని ‘ప్రత్యామ్నాయ’ ఉద్యోగాలు అనడం నాకు నచ్చదు. ఒక టీకా బ్యాచ్‌ను విడుదల చేయవచ్చా లేదా అని సంతకం పెట్టే మనిషి ఏ ప్రొఫెసర్‌కూ తీసిపోయే నిర్ణయం తీసుకోవడం లేదు. అక్కడ పనిచేసేవాళ్లను శుక్రవారాలకు పిలుస్తాను. వాళ్లు చెప్పేది దాదాపు ఒకటే, కొత్తగా వచ్చినవాళ్లకు ప్రయోగం చేయడం వచ్చు కానీ, ఏది ఎందుకు ఆపేశారో రాసిపెట్టడం రాదని.

ఆ రాసిపెట్టడం దగ్గరే మళ్లీ ఆ అమ్మాయి సీవీకి వస్తాను. పదిహేడింటిలో పన్నెండో వరుస ‘యాంటీబాడీల పరీక్ష’. అదేమిటని అడిగితే, మొదట మామూలుగా, తరువాత కాస్త ఉత్సాహంగా చెప్పుకొచ్చింది. వాళ్ల ల్యాబ్‌లో ఒక ప్రోటీన్‌ను గుర్తుపట్టడానికి ఆరేళ్లుగా వాడుతున్న ఒక యాంటీబాడీ ఉంది. మూడో ఏట ఆమె క్రిస్పర్‌తో ఆ ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువును పూర్తిగా తీసేసిన కణాలను తయారుచేసి, ప్రోటీన్ ఉంటే గీతగా కనిపించే వెస్టర్న్ బ్లాట్ చేస్తే, అక్కడ ఉండకూడని గీత అదే ఎత్తులో, అంతే నల్లగా కనిపించింది. జన్యువే లేని కణంలో ఆ ప్రోటీన్ ఉండదు. అంటే యాంటీబాడీ పట్టుకుంటున్నది మరో ప్రోటీన్‌ను. నమ్మలేక మూడుసార్లు చేసింది. పక్క ల్యాబ్ నుంచి అదే ప్రోటీన్‌ను పట్టే వేరే రకం యాంటీబాడీ కొంచెం అప్పు తెచ్చి చేస్తే, మామూలు కణాల్లో గీత ఉంది, జన్యువు తీసేసిన కణాల్లో లేదు. అది తీసుకుని గైడ్ దగ్గరికి వెళితే ఆయన రెండు రోజులు మాట్లాడలేదట. మూడో రోజు సరేనన్నారట. ఎనిమిది నెలల బ్లాట్లు పక్కన పడేశారు, పంపడానికి సిద్ధంగా ఉన్న పేపర్‌లో రెండు బొమ్మలు మారాయి.

“ఇది చేయమని మీ సర్ చెప్పారా?” అని అడిగాను.

“లేదు మేడమ్. కానీ అది మామూలే కదా” అంది.

ఆ ‘మామూలు’ను సీవీలో అన్నిటికన్నా పైకి తెచ్చి, ఏం అనుమానం వచ్చింది, ఎలా పరీక్షించింది, ఏది ఆపేయించింది అన్నది నాలుగు వాక్యాల్లో అక్కడే కూర్చుని రాయించాను. గంటన్నర పట్టింది, మొదటి వాక్యం దగ్గరే అరగంట పోయింది. తరువాత ఒక చీటీ మీద ఇద్దరి పేర్లు రాసిచ్చాను, ఆమె విషయంతో సంబంధం లేనివాళ్లు, నిర్మొహమాటంగా గీతలు పెట్టేవాళ్లు. ఆమె చీటీని ఫోన్‌లో ఫోటో తీసుకుని, లేవబోతూ, “ముందు మా సర్‌కు చూపించి, ఆయన సరేనంటే వీళ్లకు పంపనా మేడమ్?” అని అడిగింది. ముగ్గురికీ ఒకేసారి పంపమన్నాను.